నాకా 0012 మీద ఎనిమిది కోణాలు: ఓపెన్‌ఫోమ్‌ను స్నేక్‌మేక్‌తో నడిపే పద్ధతి

నాకా 0012 అనే రెక్క అడ్డుకోత ఆకారం చుట్టూ గాలి ఎలా పారుతుందో ఓపెన్‌ఫోమ్ (ప్రవాహాలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్)తో చూడాలంటే, గాలి తగిలే ఒక్క కోణానికైతే టెర్మినల్‌లో చేత్తో నడిపేయొచ్చు. 0 నుంచి 14 డిగ్రీల దాకా రెండేసి చొప్పున ఎనిమిది కేసులు నడుపుతూ, మధ్యలో మెష్ (రెక్క చుట్టూ చోటును చిన్న గడులుగా విడగొట్టిన వల) కూడా మార్చారనుకోండి, ఏ ఫలితం ఏ మెష్‌దో మర్నాటికే గుర్తుండదు. ఆ లెక్క స్నేక్‌మేక్‌కు (ఏ ఫైలు దేన్నుంచి రావాలో చూసి పనులను వరుసగా నడిపే సాధనానికి) అప్పజెప్పండి.

నాలుగు రూల్స్ (ఒక్కో పని దశకు ఒకటి) చాలు: మెష్, కేసు తయారీ, సాల్వర్ (ప్రవాహాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్), చివర్లో పట్టిక. మెష్ ఒక్కసారే తయారవ్వాలి. కోణం కోసం రెక్కను తిప్పకండి, ఎదురొచ్చే గాలి దిశను తిప్పండి. కార్డ్ (రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు దాకా పొడవు) 1 మీటరు, వేగం సెకనుకు 51.5 మీటర్లు, కైనమాటిక్ విస్కాసిటీ (గాలి జిగట) సెకనుకు 8.58×10⁻⁶ చదరపు మీటర్లు పెడితే, వేగాన్ని కార్డ్‌తో గుణించి జిగటతో భాగిస్తే వచ్చే రేనాల్డ్స్ సంఖ్య 60 లక్షలవుతుంది. నాసా టర్బులెన్స్ మోడలింగ్ రిసోర్స్‌లోని ఫలితాలు కూడా ఈ సంఖ్యకే ఉన్నాయి కాబట్టి పోల్చుకోవడం తేలిక. స్పాలార్ట్-అల్మారస్ అనే టర్బులెన్స్ (సుడుల ప్రవాహం) మోడల్‌ను వాల్ ఫంక్షన్ (గోడ దగ్గరి ప్రవాహానికి వాడే ఉజ్జాయింపు సూత్రం) లేకుండా వాడాలంటే గోడను, అంటే రెక్క ఉపరితలాన్ని, ఆనుకున్న గడి ఎత్తు 4 మైక్రాన్లకు అటూఇటూ ఉండాలి.

ఎక్కువగా తప్పు జరిగేది కంట్రోల్‌డిక్ట్ (ఓపెన్‌ఫోమ్ సెట్టింగుల ఫైలు)లోని ఫోర్స్‌కోయెఫ్స్ (బలాల గుణకాలను లెక్కగట్టే భాగం) దగ్గర. డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) దిశ (1 0 0), లిఫ్ట్ (పైకెత్తే బలం) దిశ (0 1 0) అని రాసి వదిలేస్తారు. సున్నా డిగ్రీల దగ్గర ఈ తప్పు బయటపడదు. 10 డిగ్రీల దగ్గర 0.012 రావలసిన డ్రాగ్ గుణకం మైనస్ 0.18 దాకా పోతుంది. పాపం, అందరూ మెష్‌ను అనుమానిస్తారు. ఆ కోణానికి డ్రాగ్ దిశ (0.985 0.174 0), లిఫ్ట్ దిశ (-0.174 0.985 0). ఈ అంకెల్ని కేసు తయారీ రూలే కోణాన్ని బట్టి లెక్కగట్టి రాయాలి. రిఫరెన్స్ వైశాల్యం అంటే కార్డ్‌ను మెష్ మందంతో గుణించినది, మందం 0.1 మీటరై ఉండగా 1 అని రాస్తే గుణకాలన్నీ పదో వంతుకు పడిపోతాయి.

ఒక్కో కేసును నాలుగు ప్రాసెస్‌లుగా నడుపుతుంటే సాల్వర్ రూల్‌లో థ్రెడ్స్ 4 అని తప్పక రాయండి. రాయకపోతే స్నేక్‌మేక్ ఒకటే అనుకుంటుంది. 16 కోర్ల మెషీన్ మీద నాలుగు కేసులకు బదులు ఎనిమిదీ ఒకేసారి మొదలై, 32 ప్రాసెస్‌లు కొట్టుకుంటాయి.

ఇక అసలు చిక్కు. సింపుల్‌ఫోమ్ (ఇక్కడి ఓపెన్‌ఫోమ్ సాల్వర్) కన్వర్జ్ కాకుండానే, అంటే లెక్క స్థిరపడకుండానే, చివరి ఇటరేషన్‌కు చేరినా ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసినప్పుడు ఇచ్చే సంఖ్య, సున్నా అంటే విజయం) సున్నాయే. స్నేక్‌మేక్ దృష్టిలో పని అయిపోయినట్టే. అందుకని చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో చివరి 500 ఇటరేషన్లలో లిఫ్ట్ గుణకం ఎంత ఊగిందో చూడండి, 0.001 లోపు ఉంటేనే ఫలితం ఫైలు రాయాలి, లేకుంటే ఎగ్జిట్ కోడ్ 1 ఇవ్వాలి. రూల్‌లో అవుట్‌పుట్‌గా ఈ ఫలితం ఫైలును మాత్రమే చూపించండి. కేసు ఫోల్డర్ మొత్తాన్ని చూపించారో, జాబ్ ఫెయిలైనప్పుడు స్నేక్‌మేక్ దాన్ని చెరిపేస్తుంది, గంటల లెక్కంతా దానితోపాటే పోతుంది. లాగ్ ఫైలును రూల్‌లోని లాగ్ విభాగం కింద రాస్తే చెరపదు.

నడిపే ముందు డ్రై రన్ (ఏ పనులు జరుగుతాయో నడపకుండానే చూపించే పద్ధతి) చేసి, ఎన్ని జాబ్‌లు చూపిస్తోందో లెక్కపెట్టండి. కేసులన్నిటికీ మూలమైన టెంప్లేట్‌లో ఒక్క కామెంట్ మార్చినా ఎనిమిది కేసులూ మళ్లీ వరుసలోకి వస్తాయి. మార్పు నిజంగా కామెంటే అయితే టచ్ ఆప్షన్‌తో పాత ఫలితాలను తాజావిగా గుర్తు పెట్టించవచ్చు.