తుంటి ఆర్థ్రోస్కోపీ తర్వాత గజ్జ పట్టేస్తోందా? ముందు పాదం చూసుకోండి

సమస్య: చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి తుంటి కీలు లోపల చేసే ఈ ఆపరేషన్ అయ్యాక మొదట్లో బాగానే ఉంటుంది. రెండో వారం, మూడో వారం దాటేసరికి గజ్జ ముందు భాగం లాగుతుంది. మంచం ఎక్కుతుంటే, కారులో కూర్చుంటే కలుక్కుమంటుంది. కుట్టిన లేబ్రమ్ (కీలు గుంట అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) మళ్లీ చిరిగిందేమోనని వెంటనే ఎంఆర్‌ఐ మాటెత్తుతారు. అంతకంటే ముందు క్రచెస్‌తో నాలుగడుగులు వేసి, ఆ కాలి పాదం నేలకి ఆనుతోందో లేదో చూడండి. ఇది చాలామంది చూడరు.

కారణం: "బరువు వేయొద్దు" అన్నారని చాలామంది మోకాలు మడిచి కాలు గాల్లో వేలాడదీస్తారు. అది జాగ్రత్త అనుకుంటారు గానీ, కాలు బరువంతా అడుగడుగునా మోసేది తొడని పైకి లేపే సోయాస్ కండరమే. దాని స్నాయువు కీలు ముందు నుంచి, లేబ్రమ్‌ని ఆనుకుని పోతుంది. ఆపరేషన్‌లో కోసింది, గీకింది ఎక్కువగా అక్కడే. పిరుదు కండరాలు ఇంకా నీరసంగా ఉంటాయి కాబట్టి భారమంతా దీని మీదే పడి స్నాయువు వాస్తుంది. కాలు గాల్లో ఉన్నప్పుడు కీలు మీద ఒత్తిడి తగ్గదు, పెరుగుతుంది కూడా.

పోల్చుకోవడం ఇలా: కూర్చుని మీరే మోకాలు పైకెత్తితే నొప్పి, అదే కాలిని ఇంకొకరు నెమ్మదిగా ఎత్తితే హాయి. అలా ఉంటే చాలావరకు ఇదే.

పరిష్కారం: పాదం మొత్తం నేలకి ఆనించి, మామూలు నడకలాగే మడమ నుంచి వేళ్ల మీదికి నడవండి. సాధారణంగా అనుమతించే బరువు 10 కిలోల లోపు. బాత్రూమ్ తూకం మీద కాలు పెట్టి ఆ ఒత్తిడి అలవాటు చేసుకోండి. కుంటుతూనే క్రచెస్ వదిలేసినవాళ్లు మళ్లీ పట్టుకోవాలి. రెండు మూడు వారాలన్నది మామూలు లెక్క, మైక్రోఫ్రాక్చర్ (మృదులాస్థి పోయినచోట ఎముకకి సన్న రంధ్రాలు వేయడం) కూడా చేసి ఉంటే ఆరు నుంచి ఎనిమిది.

మంచం మీదికి, కారులోకి కాలు దానంతటది ఎక్కకూడదు. ముందు కూర్చుని, తొడ కింద చేతులు పెట్టి లేదా పాదానికి తువ్వాలు తగిలించి ఎత్తండి. మోకాలి ఆపరేషన్ వాళ్ల కాగితం చూసి కాలు నిటారుగా లేపే వ్యాయామం చేస్తుంటే ఈరోజే మానేయండి. అరగంటకి మించి కూర్చోవద్దు, లోతు సోఫాలు అసలే వద్దు. రోజులో నాలుగైదు సార్లు పావుగంట చొప్పున బోర్లా పడుకోండి. సీటు ఎత్తు పెట్టి, బిగువు లేకుండా స్టాటిక్ సైకిల్ తొక్కొచ్చు. రెండు వారాలు ఇలా చేసినా తగ్గకపోతే అప్పుడు సర్జన్‌ని అడగండి.

కీలు బిగుసుకుపోతోందంటే, ఇంట్లోవాళ్లు మీ మోకాలు మడిచి కాలిని గుండ్రంగా తిప్పే వ్యాయామం ఎగ్గొడుతున్నారేమో చూసుకోండి. తొడ బయటివైపు మొద్దుబారడం గాటు పక్కన ఉన్న నరం వల్ల, మర్మాంగం దగ్గర లేదా పాదం మీద అయితే ఆపరేషన్‌లో కాలు లాగి పట్టినందువల్ల. ఎక్కువమందికి వాటంతటవే పోతాయి. నొప్పి లేని టక్‌టక్ శబ్దాన్ని పట్టించుకోవద్దు. బాసింపట్టు, నేల మీద టాయిలెట్ ఇప్పుడప్పుడే కాదు, సర్జన్ సరేనన్నాకే.

పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, జ్వరంతో గాటు నుంచి చీము కారినా, జారిపడ్డాక కాలు మోపలేకపోయినా ఇంట్లో పరీక్షలు పెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి.