పెద్ద స్టేషన్‌లో ముందు ఒక్క దారి నేర్చుకోండి

పదకొండేళ్లుగా రోజూ లోకల్ రైల్లోనే ఆఫీసుకు వెళ్లొస్తున్నాను. మొదటి వారం మాత్రం చాలా అవస్థ పడ్డాను. రైలు దిగడం, జనం ఎటు పోతుంటే అటు పోవడం, తీరా చూస్తే ఎప్పుడూ చూడని రోడ్డు మీద తేలడం. మూడో రోజు స్టేషన్‌కు పూర్తిగా అవతలి వైపు బయటపడి, చుట్టూ తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. కిందటి నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి చెమటలు కక్కుతూ వచ్చి, "అక్కా, ఆ స్టేషన్ నాకు ఎప్పటికీ అంతుపట్టదు" అంది. తనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

స్టేషన్ మొత్తం తెలుసుకోవాలన్న టెన్షన్ ముందు వదిలేయండి. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్‌లో 44 ప్లాట్‌ఫారాలు ఉన్నాయి, అవీ రెండు అంతస్తుల్లో. టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి బయటికి రావడానికి 200కు పైగా దారులు. అవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? రోజూ వెళ్లొచ్చేవాళ్లకు కావాల్సింది దిగే ప్లాట్‌ఫారం, బయటపడే గేటు, ఆ రెంటినీ కలిపే దారి. అందుకే ఆఫీసువాళ్లను "ఎలా రావాలి?" అని కాదు, "మీరు ఏ గేటులోంచి వస్తారు?" అని అడగండి. గేటు పేరో నంబరో తెలిస్తే, లోపలి బోర్డులు చాలావరకు మిమ్మల్ని అక్కడికి చేరుస్తాయి.

వీలైతే ఉద్యోగంలో చేరకముందే, రద్దీ లేని వేళ ఒకసారి వెళ్లి ఆ దారిలో నడవండి. నడుస్తూ ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి తిరిగి చూడండి. ఇది చాలామంది చేయరు. పొద్దున మీరు చూసిన దారి సాయంత్రం తలకిందులుగా కనిపిస్తుంది. వచ్చేటప్పుడు ఎదురుగా ఉన్న గడియారం వెళ్లేటప్పుడు మీ వీపు వెనక ఉంటుంది. గుర్తులు కూడా కదలనివి పెట్టుకోండి: స్తంభం మీది నంబరు, మెట్ల మలుపు, పైకప్పు ఎత్తు తగ్గే చోటు. నేను ఒక పెద్ద నీలం రంగు ప్రకటనను గుర్తు పెట్టుకున్నాను. ఒక సోమవారం వెళ్తే దాని చోట ఇంకేదో ఉంది.

ఇక అన్నిటికంటే ఎక్కువ సమయం మిగిల్చేది బోగీ. 12 బోగీల రైలంటే దాదాపు పావు కిలోమీటరు పొడవు. మీ మెట్లు ఒక చివర, మీరు దిగింది ఇంకో చివర అయితే ఆ జనంలో అంత దూరమూ నెట్టుకుంటూ నడవాలి. మొదటి రోజు దిగగానే, మెట్లకు ఎదురుగా ఎన్నో బోగీ ఆగిందో లెక్కపెట్టుకోండి. మర్నాడు మీ ఊరి ప్లాట్‌ఫారం మీద ఆ బోగీ ఆగే చోటే నిలబడండి. నాది ముందు నుంచి నాలుగో బోగీ, రెండో తలుపు. దిగితే అయిదారు అడుగుల్లో మెట్లు. అయితే బోగీలు తక్కువున్న రైలు వస్తే ఈ లెక్క మారుతుంది, అది ప్లాట్‌ఫారం మీద వేరే చోట ఆగుతుంది. పట్టాలు అక్కడితో ఆగిపోయే స్టేషన్‌లో ఇంకో సంగతి ఉంది. రైలు వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది కాబట్టి, పొద్దున మొదటిదైన బోగీ సాయంత్రం ఆఖరిది అవుతుంది. గేటుకు దగ్గర కదా అని అందరూ అందులోకే ఎక్కుతారు. మూడు నాలుగు బోగీలు ముందుకు నడవండి, నిలబడే చోటైనా దొరుకుతుంది.

లోపలికి రాగానే మొదట తేల్చుకోవాల్సింది, లోకల్ రైళ్లు ఏ వైపు అన్నది. ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో మొత్తం 18 ప్లాట్‌ఫారాలుంటే, 1 నుంచి 7 వరకు లోకల్ రైళ్లవి, మిగతావి దూరప్రాంత రైళ్లవి. రెండు లైన్లు కలిసే చోట ఒట్టి నంబరు అడిగితే సరిపోదు, ఏ లైనో కూడా అడగాలి. ముంబైలోనే ఉన్న దాదర్ స్టేషన్‌లో పశ్చిమ, మధ్య రైల్వేలకు వేర్వేరుగా ఒకటో నంబరు నుంచి ప్లాట్‌ఫారాలు ఉండేవి. జనం తికమక పడుతున్నారని 2023 డిసెంబరులో 1 నుంచి 14 వరకు ఒకే వరుసలోకి మార్చారు.

బోర్డు మీద రైలు ఆఖరి స్టేషన్ పేరే పెద్దగా ఉంటుంది, మీ ఊరి పేరు కాదు. కాబట్టి మీ లైనులో ఆఖరి స్టేషన్లు ఏవో తెలుసుకోండి. తర్వాత అది ఫాస్టా, స్లోనా చూడండి. ఒకసారి సమయం మాత్రమే చూసి ఫాస్ట్ ఎక్కాను. మా స్టేషన్ కిటికీలోంచి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ప్లాట్‌ఫారం నంబరు కూడా నిన్నటిదే అనుకోకండి. అది బోర్డు మీద పడేదాకా, ఎటైనా దిగడానికి వీలుగా వంతెన మీద ఒక పక్కగా ఉండండి. మెట్ల మొదట్లో మాత్రం ఆగి ఫోన్ చూడకండి. వెనక వందమంది వస్తుంటారు, పడితే ప్రమాదం. ఏదైనా చూసుకోవాలంటే స్తంభం పక్కకు వెళ్లండి.

మొదటి దారి అలవాటయ్యాక రెండోది నేర్చుకోండి. మా అమ్మ మోకాళ్ల నొప్పితో నాతో వచ్చిన రోజున, నేను పదకొండేళ్లలో ఒక్కసారీ వెతకని లిఫ్ట్ కోసం ప్లాట్‌ఫారం ఆ చివరి దాకా ఆమెను నడిపించాల్సి వచ్చింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది. లిఫ్ట్ ఎక్కడుందో, పనిచేస్తోందో మీకు అవసరం లేని రోజునే చూసి పెట్టుకోండి. కొన్ని గేట్లు రాత్రిపూట మూసేస్తారు, మీ గేటు అలాంటిదేమో రేపే అడగండి. ఆఖరి రైలు సమయం కూడా రాసుకోండి. ఆఫీసులో ఆలస్యమైన రోజు ముందు అడిగేది అదే.