ఫైర్‌ప్లేస్ మీద కొండపల్లి బొమ్మలు: అద్దెయింట్లో మాంటెల్, షెల్ఫులు సర్దుకునే తీరు

అమెరికాలో అద్దెకు దొరికే చాలా టౌన్‌హోమ్‌లలో హాల్లో ఫైర్‌ప్లేస్, దాని పైన మాంటెల్ అనే సన్నటి అరుగు ఉంటాయి. సూట్‌కేసులోంచి తీసిన బొమ్మలన్నీ ముందు అక్కడికే చేరతాయి. చేర్చేముందు ఫైర్‌ప్లేస్ వేడి ఎటు పోతుందో చూసుకోండి. ఏది ఎక్కడ పెట్టాలో మీ అభిరుచి కంటే ముందు ఆ వేడే చెబుతుంది.

ఫైర్‌ప్లేస్‌ని గంటసేపు వెలిగించి మాంటెల్ అంచున, మధ్యలో, గోడ పక్కన చెయ్యి ఆనించండి. పది సెకన్లు ఉంచలేకపోతే అక్కడ ఇత్తడి, రాయి, మట్టి సామాన్లు తప్ప ఏవీ వద్దు. గ్యాస్‌దైతే, ఆపేశాక కూడా లోపల చిన్న పైలట్ మంట ఆరని రకాలున్నాయి. మాంటెల్ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటే కారణం అదే కావచ్చు. గుడ్డ తోరణాన్ని మాంటెల్ అంచు నుంచి మంట వైపు వేలాడదీయడం మాత్రం ఏ రకానికీ పనికిరాదు, నిప్పంటుకుంటుంది.

ఏటికొప్పాక భరిణె మీది నిగనిగ లక్కది. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి కర్రకు పట్టుకుంటుంది. వేడికి పట్టుకున్నది వేడికే మెత్తబడుతుంది. మెరుపు పోతుంది, దుమ్ము అతుక్కుపోతుంది, మూత బిగుసుకుంటుంది. కొండపల్లి బొమ్మకు ఇబ్బంది వేరు. తెల్ల పొణికి కర్రతో చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. చలికాలం హీటర్ గాలికి ఇల్లు పొడిబారితే ముందుగా ఆ అతుకుల దగ్గరే వెంట్రుకవాసి పగులు కనిపిస్తుంది. అందుకే హీటర్ గాలి వచ్చే జాలీకి ఎదురుగా పెట్టకండి. తడిగుడ్డతో తుడిస్తే రంగు ఊడొస్తుంది, మెత్తటి పొడి బ్రష్ చాలు.

కాబట్టి వేడెక్కే మాంటెల్ మీద ఇత్తడి ఉరుళి, రాతి బొమ్మ, మట్టి కుండీ లాంటివే ఉంచి, కర్ర బొమ్మలను షెల్ఫుకి మార్చండి. గోడ నుంచి ముందుకి మాంటెల్ లోతు సాధారణంగా 6–8 అంగుళాలే ఉంటుంది. ఒక పెద్ద వస్తువు, దాని పక్కన ఎత్తులు తేడాగా రెండు మూడు చిన్నవి పెట్టి మిగతా చోటు ఖాళీగా వదిలేస్తేనే ఆ పెద్దది కంటికి ఆనుతుంది. పైన గోడకు ఫ్రేము కట్టిన కలంకారీ పెడితే, 60 అంగుళాల పొడవున్న మాంటెల్‌కి సుమారు 40 అంగుళాల వెడల్పు ఫ్రేము బాగుంటుంది. ఫ్రేము అడుగు మాంటెల్‌కి 4–6 అంగుళాల పైన ఉండాలి. నేరుగా ఎండ పడే గోడైతే వద్దు, సహజ రంగులు వెలిసిపోతాయి.

పుస్తకాల షెల్ఫు లోతు 11 అంగుళాల దాకా ఉంటుంది. ఒకే మట్టంలో రెండు వరసలు పెడితే వెనక వరస కనబడదు. వెనకాల 3–4 అంగుళాల చెక్క దిమ్మ పెట్టి, మంగళగిరి జాకెట్ గుడ్డ చుడితే చిన్న కొలువు మెట్టు తయారవుతుంది. బొమ్మలన్నీ ఏడాదంతా బయట ఉండనక్కర్లేదు. సగం పెట్టెలో దాచి దసరాకో సంక్రాంతికో తీస్తే ఇంటికి కొత్త కళ వస్తుంది. బరువైన ఇత్తడి, పుస్తకాలు కింది అరల్లోకి. షెల్ఫుతో ఇచ్చిన పట్టీని గోడ లోపలి చెక్క స్టడ్‌కి తప్పకుండా బిగించండి, పిల్లలు ఎక్కితే షెల్ఫు వాళ్ల మీదకి వాలిపోతుంది. స్టడ్‌లు ఎక్కువగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. మధ్యలో ఉండే అరంగుళం జిప్సం పలక ఆ బరువు మోయలేదు. మేకు కొట్టే ముందు లీజు చదవండి.

మేకులు వద్దంటే కమాండ్ స్ట్రిప్స్, అంటే గోడకు అంటించి మళ్లీ ఊడదీసే జిగురు పట్టీలు. గోడను రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక 30 సెకన్లు గట్టిగా నొక్కి, గంట ఆగి ఫ్రేము తగిలించాలి. మామూలు క్లీనర్‌తో తుడిస్తే పొర మిగిలి పట్టు చాలదు. ఇటుక గోడకీ, 105 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే చోటికీ ఇవి పనికిరావు, అంటే మండుతున్న ఫైర్‌ప్లేస్ పైన వద్దన్నట్టే. ఖాళీ చేసేటప్పుడు స్ట్రిప్ చివరి తోకను మీ వైపు లాగితే పెయింట్‌తో సహా ఊడొచ్చి డిపాజిట్‌లో కోత పడుతుంది. గోడకు ఆనించే నిట్టనిలువుగా కిందికి, మెల్లగా సాగదీస్తూ లాగండి.