రంగు చూసి కూలెంట్ పోయకండి: కోతలకు ముందు ట్రాక్టర్, హార్వెస్టర్ ఉన్నవాళ్లకు

యాసంగి కోతలు వచ్చాయంటే రెండు కబుర్లు వినపడతాయి. ఒకటి, రేడియేటర్ మూత తీసి మొహం కాల్చుకున్న డ్రైవర్ది. రెండోది, పొలం మధ్యలో హెడ్ గ్యాస్కెట్ పోయి నిలబడిపోయిన బండిది. ఈ రెండో కబురు చాలాసార్లు అంతకు నెల ముందే షాపులో మొదలై ఉంటుంది. కంపెనీ కూలెంట్ (రేడియేటర్‌లో పోసే, ఇంజన్ వేడిని లాగే ద్రవం) దొరకదు. "ఇదీ ఆకుపచ్చే, అదీ ఆకుపచ్చే" అని షాపువాడు వేరే డబ్బా చేతిలో పెడతాడు.

ఫ్యాన్ బెల్ట్ బిగుతు, రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న పొట్టు, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటిని వదిలేసి, బండిలో ఉన్న కూలెంట్ దొరకనప్పుడు దాని బదులు ఏం పోయాలో చూద్దాం.

రంగు గుర్తు కాదు

కూలెంట్‌కి దానంతట అది రంగు ఉండదు. లీకు కనపడాలని, తాగే నీళ్లని పొరబడకూడదని కంపెనీవాళ్లు రంగు కలుపుతారు. ఏ రకానికి ఏ రంగు అన్న రూలు లేదు. ఒకరి ఆకుపచ్చ డబ్బాలో పాత సిలికేట్ రకం ఉండొచ్చు, ఇంకొకరి ఆకుపచ్చలో ఆర్గానిక్ యాసిడ్ రకం ఉండొచ్చు. ఈ రెండూ కలిస్తే తుప్పు ఆపే మందుల పని చెడుతుంది. కొన్ని జతలైతే జిగురులా గడ్డకట్టి రేడియేటర్ సన్న గొట్టాలను మూసేస్తాయి. పోసిన రోజు ఏమీ తెలియదు. ఎండ 42 దాటాక, దమ్ములోనో కోతలోనో ఇంజన్ మీద పూర్తి బరువు పడ్డాక తెలుస్తుంది.

డబ్బా మీద ఏం చదవాలి

ముందు బండి మాన్యువల్లో రాసిన స్పెసిఫికేషన్ చూడండి. అదే నంబరు డబ్బా మీద ఉంటే ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. మాన్యువల్ లేకపోతే హెవీ డ్యూటీ డీజిల్ కోసం చేసినదాన్నే, అంటే ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డి 6210 అని ఉన్నదాన్నే అడగండి. డి 3306 ఒక్కటే ఉంటే అది కార్లకు చేసింది.

కారుది ఎందుకు పనికిరాదంటే, చాలా ట్రాక్టర్, హార్వెస్టర్ ఇంజన్లలో ఉండేవి వెట్ లైనర్లు. లైనర్ అంటే పిస్టన్ ఆడే గొట్టం. కూలెంట్ నేరుగా లైనర్ వీపుకు తగులుతూ ఉంటుంది. పిస్టన్ కొట్టుడుకు లైనర్ అదురుతుంది, ఆ అదురుకు వెనక సన్న బుడగలు పుట్టి పగులుతాయి. ఒక్కో బుడగ ఇనుమును సూదిమొనంత గిల్లుతుంది. గంటల తరబడి అదే చోట గిల్లితే లైనర్‌కి చిల్లు పడి కూలెంట్ ఆయిల్ సంపులోకి దిగుతుంది. హెవీ డ్యూటీ రకంలో నైట్రైట్, మాలిబ్డేట్ లాంటి మందులు లైనర్ మీద పొర కట్టి దీన్ని ఆపుతాయి. కారు కూలెంట్‌లో ఆ ఏర్పాటు ఉంటుందన్న నమ్మకం లేదు. "మనకి మంచు పడదు కదా, ఇదంతా ఎందుకు" అనేవాళ్లకు జవాబు కూడా ఇదే.

రాగి, ఇత్తడి గొట్టాలకు సీసం టంకం వేసిన పాత రేడియేటర్ అయితే మాన్యువల్ చెప్పిన పాత రకమే వాడండి. ఆర్గానిక్ రకాల్లో కొన్ని ఆ టంకానికి పడవు.

నీళ్లు

తాగే నీళ్లు రేడియేటర్‌కి చాలవు. తాగే నీటి ప్రమాణంలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 500 దాకా, క్లోరైడ్ 250 దాకా ఒప్పుకుంటారు. కూలెంట్‌లో కలిపే నీళ్లకు టీడీఎస్ 340, కాఠిన్యం (నీళ్లలోని సున్నం) 170, క్లోరైడ్ 40 దాటకూడదు (అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో). మన బోర్లు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. ఆ సున్నం హెడ్‌లో, లైనర్ చుట్టూ పేరుకుని వేడిని బయటికి పోనివ్వదు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. పది లీటర్ల సిస్టంలో లీటరు లోపు తగ్గితే డిస్టిల్డ్ వాటరే మంచి బదులు. తెలియని డబ్బా కన్నా అదే మేలు. సగం కూలెంట్, సగం నీళ్ల మిశ్రమంలో కూలెంట్ 45 శాతానికి దిగుతుంది, అంతే. అంతకన్నా ఎక్కువ తగ్గితే లీకు ఎక్కడో వెతకండి.

మార్చాల్సి వస్తే

బండిలో ఏముందో తెలియకపోతే కలపొద్దు, మొత్తం దించేయండి. రేడియేటర్ కింది కాక్ ఒక్కటే విప్పితే సరిపోదు, ఇంజన్ బ్లాక్ ప్లగ్ కూడా విప్పాలి. మంచి నీళ్లు పోసి, పై హోస్ వేడెక్కేదాకా నడిపి, చల్లారాక దించండి. తేటనీళ్లు వచ్చేదాకా ఇలాగే చేయాలి. ఎంత దించినా లోపల లీటరో రెండో మిగులుతాయి. అందుకే పది లీటర్ల సిస్టంలో ముందు 5 లీటర్ల కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) పోసి, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. మూత పెట్టకుండా ఐడిల్లో నడిపి, బుడగలు ఆగాక మట్టం సరిచేసి మూత బిగించండి.

ఇక మిగతావి వరసగా:

- డబ్బా మీద రెడీ మిక్స్ (ముందే సగం నీళ్లు కలిపినది) అని ఉంటే చుక్క నీళ్లు కలపొద్దు. సగం నీళ్లు కలిపితే 25 శాతమే మిగులుతుంది.
- కాన్సన్‌ట్రేట్‌ని నీళ్లు లేకుండా పోయొద్దు. చిక్కనిది వేడిని సరిగ్గా మోయదు.
- అనుమానం వస్తే కిరాణా కాటా మీద తూచండి. ఒకే సీసాలో ఒకే గీత దాకా నీళ్లు ఒకసారి, కూలెంట్ ఒకసారి. నీళ్లు 1,000 గ్రాములు తూగితే, సగం మిశ్రమం 1,060 దగ్గర, కాన్సన్‌ట్రేట్ 1,100 పైన తూగాలి. నీళ్లతో సమానంగా తూగితే మీరు కొన్నది దాదాపు రంగునీళ్లే. బరువు సరిపోయినంత మాత్రాన లోపల మందులు ఉన్నట్టు కాదు.
- రంగు కలిసిందని కూలెంట్ కలపొద్దు. మళ్లీ చెబుతున్నాం, రంగు కలిసిందని కలపొద్దు.
- లీకుకి పసుపు వేసే అలవాటు మానండి. చిల్లుతో పాటు సన్న గొట్టాలూ మూసుకుంటాయి. దారిలో తప్పక వేస్తే, ఇంటికి రాగానే మొత్తం కడగండి.
- థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) పీకేయొద్దు.
- మూత రబ్బరు చీలితే మూత మార్చండి. సగం మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 0.9 బార్ మూత పట్టి ఉంచితే 125 దాకా ఆగుతుంది. పాడైన మూతతో ఎంత ఖరీదైన కూలెంట్ పోసినా ఆ మేలు రాదు.
- వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోయొద్దు. హెడ్ పగులుతుంది.
- పై హోస్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత ముట్టుకోండి. గుడ్డ వేసి, మొదటి గాటు దాకా తిప్పి, ఆవిరి పోయాక తీయండి. కోత ఆగిందని రైతు ఎంత తొందరపెట్టినా సరే.
- పొలంలో వేరే దారిలేక ఉత్త నీళ్లు పోస్తే క్యాన్ నీళ్లే పోయండి. ఆ సీజన్ అయ్యేదాకా వాటితోనే నడపొద్దు.
- డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలలా తెల్లగా కనపడితే కూలెంట్ ఆయిల్లో కలిసినట్టు, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.
- దించిన కూలెంట్‌ని పశువుల తొట్టి దగ్గర, కాలువలో పారబోయొద్దు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ గొడ్లూ తాగుతాయి. మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో అసలు పోసి పెట్టొద్దు. పెద్దమనిషి ప్రాణం తీయడానికి 100 మిల్లీలీటర్లు చాలు, పిల్లలకి అంత కూడా అక్కర్లేదు. ఎవరైనా తాగితే, బాగానే ఉన్నట్టు కనపడినా, డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.