రైతు ఆత్మహత్య జరిగిన ఇంటికి వివరాల కోసం వెళ్లేముందు

• ఒక్కరే వెళ్లొద్దు. ఒకరు మాట్లాడితే ఇంకొకరు రాసుకోవాలి.

• రోజుకు రెండిళ్లు చాలు. మూడో ఇంట్లో తలూపుతాం గానీ ఏదీ చెవికెక్కదు.

• పాసుపుస్తకం, అప్పు కాగితాలు, ఎఫ్‌ఐఆర్ నకలు అడగండి. శవం ఫొటోలు, పురుగుమందు డబ్బా ఫొటోలు మాత్రం మీ ఫోన్‌లోకి పంపించుకోవద్దు. గ్యాలరీలో మన పిల్లల బర్త్‌డే ఫొటోల పక్కనే అవి కనబడుతుంటాయి. అవసరమైతే ఫైల్లో ఉంటాయిగా!

• "పరిహారం ఇప్పిస్తాం" అనొద్దు. అది మన చేతిలో లేదు.

• ఈమధ్యే మీ ఇంట్లో చావు జరిగిందా? ఆఫీసు పని అడగండి, మొహమాటపడొద్దు.

• ఆ ఇళ్లు కలలోకి రావడం, ఇంట్లోవాళ్ల మీద ఊరికే విసుక్కోవడం, ఏడుపు విన్నా ఏమీ అనిపించకపోవడం మొదలైతే వెళ్లడం ఆపి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.