పాత కారు డోర్ కింద పెయింట్ ఉబ్బుతోందా? ముందు నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో చూడండి

మాది 1998 మారుతి 800, నాన్నగారు కొన్నది, ఇప్పుడు నా దగ్గరుంది. ఇంజన్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, పడ్డ తిప్పలన్నీ తుప్పుతోనే. మన హైదరాబాద్‌లో సముద్రపు గాలి లేదు, ఉప్పు లేదు, అయినా బండ్లు తుప్పు పడుతున్నాయంటే చాలావరకు లోపలికి పోయిన నీళ్ళు బయటికి రాకపోవడం వల్లే. రేకుని లోపల్నుంచి తినుకుంటూ వచ్చి చివర్లో బయట కనిపిస్తుంది. నీళ్ళ దారి దొరక్కుండా మాత్రం పెయింట్ షాపుకి పోవద్దు, డబ్బులు దండగ.

సమస్య: డోర్ కింది అంచున, రన్నింగ్ బోర్డ్ (డోర్ కింద అడుగున పొడుగ్గా ఉండే బోలు రేకు) మీద పెయింట్ పొక్కులు

ఒక పొక్కుని పిన్నుతో గుచ్చండి. గోధుమ రంగు పొడి రాలితే తుప్పే. పొడి ఏమీ లేకుండా కింద ప్రైమర్ శుభ్రంగా కనిపిస్తే అది పెయింట్ పనిలో తేడా, ఒక కోటు ఆరకముందే ఇంకోటి కొడితే థిన్నర్ లోపల ఇరుక్కుని అలా ఉబ్బుతుంది. తుప్పని తేలితే స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ తట్టుకుంటూ పోండి, మంచి రేకు ఠంగుమంటుంది, తినేసిన రేకు గానీ పుట్టీ నింపిన చోటు గానీ మొద్దుగా దబ్బుమంటుంది. ఫ్రిజ్ మాగ్నెట్‌ని పల్చటి గుడ్డలో పెట్టి ఆనించినా తెలిసిపోతుంది, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టుకోదు.

కారణం ఏంటంటే, అద్దం పక్క రబ్బరు సందులోంచి వాన నీళ్ళు డోర్ లోపలికి దిగడం అన్ని కార్లలో ఉండేదే, అవి పోవడానికే డోర్ అడుగున చిన్న రంధ్రాలు ఇస్తారు. దుమ్ము పట్టో, అండర్‌కోటింగ్ (బండి అడుగున కొట్టే పూత) కొట్టినప్పుడు మూసుకుపోయో నీళ్ళు అక్కడే నిలబడిపోతాయి. మా బండికి ఒక షాపులో ఆ రంధ్రాల సంగతి చూడకుండా పొక్కుల మీద గీకి పుట్టీ పెట్టి రంగేశారు, ఒక్క వానాకాలం గడిచిందో లేదో మళ్ళీ ఉబ్బింది. నేనే గోరుతో లాగితే పుట్టీ బిస్కెట్ ముక్కలా ఊడి చేతిలోకి వచ్చింది, వెనక పక్క తడిగా ఎర్రగా ఉంది, దాని కింద రేకు అప్పడంలా పొరలుగా రాలిపోయింది. ఆ రోజు చాలా బాధేసింది. పుట్టీ నీళ్ళు పీలుస్తుంది, దాన్ని తుప్పు మీద పెట్టడం అంటే తడిగుడ్డ చుట్టి ఉంచడమే.

చేయాల్సింది: రంధ్రాలు సన్నటి తీగతో క్లియర్ చేయండి. 80 నంబర్ పేపర్, వైర్ బ్రష్‌తో మెరిసే రేకు తగిలేదాకా గీకాలి, పొక్కు దాటి కనీసం ఒక అంగుళం. చిన్న గుంతల్లో నల్లగా మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ రాసి, డబ్బా మీద చెప్పినట్టే కడిగి పూర్తిగా ఆరబెట్టి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (హార్డెనర్ కలిపి కొట్టే, తేమని ఆపే పూత) కొట్టాలి. మామూలు రెడాక్సైడ్ (ఎర్ర ప్రైమర్) ఒక్కటే కొట్టి వదిలేస్తే తేమని ఆపదు. పుట్టీ ఎపాక్సీ పైన, అదీ పల్చగా. పుట్టీని నీళ్ళు పోసి రుద్దనివ్వకండి, డ్రైగా రుద్దమనండి, తొందర్లో చాలామంది వాటర్ పేపర్ పట్టుకుంటారు, తేమ అక్కడే లోపలికి పోతుంది.

సమస్య: కాళ్ళ దగ్గర కార్పెట్ తడి, ముక్కిన వాసన

2020 అక్టోబర్ వరదల్లో సిటీలో ఎన్నో కార్లు మునిగాయి, వాటిలో ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని ఉంటే ముందు కార్పెట్ ఎత్తండి. వరద చూడని బండి అయితే వైపర్ల కింద జాలీలో వేపాకులు ఇరుక్కున్నాయా, ముందు అద్దం బీడింగ్ పగిలిందా, డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు చిరిగిందా, ఏసీ నీళ్ళ పైపు మూసుకుందా చూడండి. లోపల ఒకరు టార్చి పట్టుకుని కూర్చుంటే బయటి నుంచి ఒక్కో చోట మగ్గుతో నీళ్ళు పోస్తే దొరుకుతుంది. లీకు ఆపాక కార్పెట్, కింద ఫోమ్ బయట పడేసి రెండు రోజులు ఎండబెట్టండి, ఫోమ్ పైన పొడిగా అనిపించినా లోపల తడే ఉంటుంది.

సమస్య: వేలు పెడితే లోపలికి పోయే కన్నం

ఇక్కడ ఫైబర్ మ్యాట్ వేసి మూసేద్దాం అంటే ఒప్పుకోకండి, ముఖ్యంగా ఫ్లోర్, రన్నింగ్ బోర్డ్, సీట్ బెల్ట్ బిగించే చోటు, ముందు షాకర్ టవర్ (షాక్ అబ్జార్బర్ పైభాగం బిగించే చోటు). యాక్సిడెంట్‌లో బరువు మోసేవి ఇవే. మంచి రేకు వచ్చేదాకా కోసి, 20 గానీ 22 గానీ గేజ్ రేకుతో ప్యాచ్ చేయించండి. గ్యాస్ వెల్డింగ్ కంటే సీఓటూ వెల్డింగ్ (తీగ దానంతటదే వచ్చే కరెంటు వెల్డింగ్) నయం, వేడి తక్కువ పాకుతుంది. ఒక్క లైనుగా లాగకుండా ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెట్టి, చల్లారనిచ్చి మళ్ళీ పెట్టాలి, లేకపోతే రేకు వంకర్లు పోతుంది. బ్యాటరీ నెగటివ్ తీయించండి, కార్పెట్, సీట్లు బయటపెట్టించండి, పెట్రోల్ ట్యాంక్ దగ్గరైతే ట్యాంక్ దించాల్సిందే.

వెల్డింగ్ వేడికి వెనక పక్క పెయింట్ కాలిపోతుంది, అది బయటికి కనపడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. జాయింట్ మీద సీమ్ సీలర్ (రేకుల అతుకుల్లోకి నీళ్ళు పోకుండా పూసే పేస్ట్) పూసి, లోపల బోలుగా ఉన్న చోట్ల పైపు నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (లోపల రేకుకి తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి, మళ్ళీ ఆ డ్రెయిన్ రంధ్రాలు మూసుకోకుండా. రాణిగంజ్‌లో గానీ పుత్లీబౌలిలో గానీ స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగితే సీలర్ దొరుకుతుంది, వ్యాక్స్ లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, ఈ ఒక్కటి మాత్రం వదిలేయొద్దు.

సమస్య: రంగేశాక తెల్లటి మసక, లేదా చిన్న చిన్న గుంటలు

మసక వస్తే వాన రోజున పెయింట్ చేశారన్నమాట. థిన్నర్ ఆవిరవుతూ రేకుని చల్లబరిస్తే గాలిలో తేమ దాని మీద పడుతుంది. పొడి రోజున, నెమ్మదిగా ఆరే స్లో థిన్నర్‌తో కొట్టించుకోండి. చేప కళ్ళలాంటి గుంటలు వస్తే కింద పాలిష్‌లోని సిలికాన్ మిగిలింది, గీకి వ్యాక్స్ రిమూవర్‌తో తుడిచి మళ్ళీ మొదలుపెట్టాలి. పీయూ (పాలీయురేథేన్) పెయింట్ అయితే అందులో కలిపే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) ఊపిరితిత్తులకి ప్రమాదం, గుడ్డ కట్టుకుంటే చాలదు, సరైన కార్ట్రిడ్జ్ మాస్క్ (గాలిని వడకట్టే డబ్బాలున్నది) కావాలి, కొట్టే అన్నకి లేకపోతే మీరే ఒకటి కొనిచ్చి పెట్టుకోమనండి.

మాకు ఈ పని అయ్యాక రెండు వానాకాలాలు గడిచాయి. జూన్ మొదట్లో ఓసారి డోర్ రంధ్రాల్లో తీగ పెట్టి, ఒక చెంబు నీళ్ళు అద్దం సందులో పోసి చూస్తాను, అవన్నీ కింద నేల మీద కారిపోవాలి.