వానలు పట్టకముందే: క్రెష్‌లో డైపర్లు మార్చేవాళ్లకు జాగ్రత్తలు

తిరుపతిలో గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో ఒక బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే గదిలో అందరికీ పాకడానికి డైపర్ మార్చే చోటు చాలు.

బిడ్డ మీద నుంచి చెయ్యి తీయొద్దు. నాలుగు నెలల బిడ్డ కూడా ఉన్నట్టుండి పొర్లుతుంది. డైపరు, తడిగుడ్డ, కవరు ముందే పక్కన పెట్టుకోండి. నన్నడిగితే బల్ల కంటే నేల మీద రబ్బరు షీటే మేలు.

గ్లౌజులు తొడుక్కున్నా సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. తీసేటప్పుడు మురికి అంటుతుంది. శానిటైజర్‌ను నమ్ముకోవద్దు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ దానికి సరిగా లొంగదు. బిడ్డ చేతులూ కడగండి. మనం ఎక్కువగా మరిచేది ఇదే, ఆ చేతులే నేరుగా నోట్లోకి పోతాయి.

వంటగది సింకులో బిడ్డను కడగొద్దు.

షీటును ముందు సబ్బునీళ్లతో తుడిచి, తర్వాతే బ్లీచ్ వాడండి. మురికి మీద పోస్తే దాని బలం తగ్గిపోతుంది. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.

ఆడబిడ్డను ముందు నుంచి వెనక్కే తుడవాలి, లేకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావొచ్చు.

పౌడర్ వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గుడ్డ లంగోటీలు ముసురులో ఆరవు. చెమ్మగా కడితే ఒరుసుకుని ఎర్రబడుతుంది. ఇస్త్రీ చేసి కట్టండి.

వాడిన డైపరు చుట్టి, మూత ఉన్న డబ్బాలో విడిగా వేయండి. తడిచెత్తలో కలపొద్దు.